మా నాయన పూర్వపక్షం

బొమ్మసంద్ర నుంచి సిటీకి పోయే బస్సులో పక్క సీటు ఆవిడ "ఏం చదువుతున్నావు" అని అడిగిందంటే నేను వెంటనే కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. చెబితే దిగేదాకా అదే గోల. అవి తొంభైల చివరి రోజులు. మా వీధిలో పన్నెండో తరగతి గట్టెక్కిన ప్రతివాళ్లూ కంప్యూటర్ కోర్సులో చేరుతుంటే నేను పోయి ఫిలాసఫీలో చేరాను. అదీ మామూలు బీఏ కాదు. బీఏ, ఎంఏ రెండూ కలిపి ఒకే కాలేజీలో ఐదేళ్లు చదివే కోర్సు. మూడేళ్లకు బీఏ పట్టా పుచ్చుకుని దండం పెట్టి వెళ్లిపోవచ్చు. ఉండదలచుకున్నవాళ్లు ఇంకో రెండేళ్లు ఉండి ఎంఏ పూర్తి చేయాలి. ఒకసారి నోరు జారి ఈ సంగతి చెబితే, "ఐదేండ్లా! ఆ పాటికి డాక్టరే చదివుండొచ్చు గదమ్మా" అని ఒకావిడ నిజంగానే బాధపడింది.

డాక్టర్ కాకపోయినా నేను నర్సునైనా కావాలని మా అమ్మ కోరిక. ఆమె ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మా నాయన బొమ్మసంద్రలోనే ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్, మా తెలుగు చర్చిలో సంఘపెద్ద. ఇద్దరూ నేను పుట్టకముందే కర్నూలు పక్కనుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నాకేమో రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, ఎవరైనా తప్పుగా వాదిస్తే నోరు ఊరుకోదు. సండే స్కూల్లో నా ప్రశ్నలు పడలేక టీచరమ్మ నన్ను పాటలు పాడే గుంపులోకి మార్చింది. అక్కడ పాటలకు అర్థాలు అడగడం మొదలుపెట్టాను. ఇలాంటిదాన్ని ఏ వార్డులో పెడతారు? ఆఖరికి మా నాయనే తేల్చాడు.

"సరే, పోనీ. మూడేండ్లు చదవనీ. ఆమేలె చూస్తాం."

బెంగళూరులో ఇన్నేళ్లున్నాక మా ఇంట్లో 'తర్వాత' అనే మాట పోయి కన్నడంలోని 'ఆమేలె' వచ్చి కూర్చుంది. ఆ ఆమేలె కోసం ఎంత పోట్లాడాల్సి వస్తుందో అప్పుడు నాకు తెలియదు.

మాకు తత్వశాస్త్రం చెప్పిన మేడమ్ కన్నడ ఆవిడ. గంజి పెట్టిన నూలు చీర, నెరిసిన జుట్టు, ఎవరినీ మెచ్చుకోని మొహం. ఆవిడ క్లాసులో శుక్రవారం మధ్యాహ్నం పాఠం ఉండేది కాదు, వాదం ఉండేది. దానికి మన పాత పండితుల పద్ధతే పద్ధతి. నువ్వు ఎవరిని ఖండించాలనుకుంటున్నావో ముందు వాళ్ల వాదం నువ్వే చెప్పాలి. దాన్ని పూర్వపక్షం అంటారు. మొక్కుబడిగా చెబితే కుదరదు. అవతలి మనిషి విని, "అవును, ఇదే నా మాట" అని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాకే నీ వాదం, అంటే సిద్ధాంతం, మొదలుపెట్టే హక్కు నీకు వస్తుంది. ఒప్పుకోకపోతే నోరు మూసుకుని కూర్చోవాలి.

నాకు ఎదురుగా పాదిరీ కావడానికి చదువుకునే సెమినరీ నుంచి వచ్చే ఒక మలయాళీ బ్రదర్‌ను కూర్చోబెట్టారు. నెలల తరబడి నేను అతని వాదం చెప్పడం, అతను చల్లగా నవ్వి "అది కాదు" అనడం. నాకు ఒళ్లు మండిపోయేది. అతని వాదం అతనికంటే నాకే బాగా తెలుసని గొడవకు దిగితే, మేడమ్ చూపుతోనే నన్ను కూర్చోబెట్టేవారు. చివరికి ఒక శుక్రవారం, కోపం పక్కనపెట్టి, అతను ఎందుకు అలా అనుకుంటున్నాడో అతని స్థానంలో నిలబడి ఆలోచించి చెప్పాను. అతను "అవును, ఇదే నా మాట. నేను కూడా ఇంత బాగా చెప్పలేదు" అన్నాడు. ఆ రోజు ఇంటిదాకా బస్సులో నిలబడే వచ్చినా కాళ్లు నొప్పి పుట్టలేదు. ఇదిగో, నేను పుట్టింది ఈ పని చేయడానికే అని గట్టిగా అనిపించింది.

ఆ తెలివే నన్ను ముంచింది.

మూడో ఏడు చివర్లో మా చర్చిలో యవ్వనస్తుల కూటం పెట్టారు. కాలేజీ చదువుతున్న పిల్ల కదా అని మా పాస్టర్ అయ్యగారు నన్ను మాట్లాడమన్నారు. "దేవుడు ఉన్నాడా?" అన్నది విషయం. నాకు పట్టపగ్గాలు లేవు. మా అమ్మ డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చి ముందు వరసలో కూర్చుంది. మా నాయన పెద్దల బెంచీ మీద ఉన్నాడు. మైకు అందుకుని నేను అలవాటు ప్రకారం పూర్వపక్షంతో మొదలుపెట్టాను. దేవుడు లేడనేవాడు ఏమంటాడు? పసిబిడ్డకు జబ్బు చేస్తే చూస్తూ ఊరుకునేవాడు మంచివాడా? మంచివాడే అయితే శక్తి లేనివాడా? లోకంలో ఇంత నొప్పి ఎవరి లెక్క? నాస్తికుడు పక్కనే కూర్చుని ఉంటే లేచి "ఇదే నా మాట" అని చేతులు కలిపేవాడు, అంత బాగా చెప్పాను. చర్చి అంతా నిశ్శబ్దంగా వింటోంది. నా మాటలకు ముగ్ధులయ్యారనుకుని ఇంకా రెచ్చిపోయాను.

"ఇది వాళ్ల పక్షం" అని ఊపిరి పీల్చుకునేసరికి టైము అయిపోయిందని గంట కొట్టారు.

"అయ్యగారూ, నా పక్షం ఇంకా మొదలుపెట్టలేదు" అన్నాను. అయ్యగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆయన గబగబా లేచి, మైకు లాక్కున్నంత పని చేసి, "అందరూ కండ్లు మూసుకోండి, మన బిడ్డ కోసరం ప్రార్థన చేస్తాం" అన్నారు. ప్రార్థన మొదలయ్యాక ఎవరు మాట్లాడగలరు? నేను కళ్లు మూసుకుని, పళ్లు నూరుకుంటూ, నా విశ్వాసం నాకు తిరిగి దొరకాలని సంఘమంతా కన్నీళ్లతో వేడుకోవడం వింటూ నిలబడ్డాను. అది ఎక్కడికీ పోలేదు మొర్రో అని అరవాలనిపించింది. ఆమెన్ అన్నాక పెద్దమ్మలు ఒక్కొక్కరే వచ్చి నా తల మీద చేయి పెట్టారు. మా అమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. మా నాయన నా వైపు చూడకుండా కుర్చీలు మడతపెట్టడంలో మునిగిపోయాడు.

ఇంటికి వచ్చాక చెప్పాడు.

"మూడేండ్లు అయిపోయినాయి. బీఏ పరీక్షలు రాసేసి చాలించు. బీఈడీ చేస్తావో, ఇంకేమన్నా చేస్తావో చూస్తాం. ఆ పై రెండేండ్లు వద్దు."

"నాయనా, అది నా మాట కాదు. అవతలోళ్ల మాట ముందు చెప్పాల. అదే పద్ధతి."

"యాడ పద్ధతి? దేవుని మందిరంలోనా?"

నేను ఒంటికాలి మీద లేచాను. నేను లేస్తే మా నాయన కూర్చుంటాడు. గొంతు పెంచడు, మాట్లాడడం మానేస్తాడు. ఆ మానేయడంతో నాకు పిచ్చెక్కేది. అప్పటికే ఎంఏలోకి పోవడానికి పేరు ఇచ్చాను. మేడమ్ ఒప్పుకున్నారు కూడా. ఇంట్లో ఒప్పుకోకపోతే ఆ రెండేళ్లూ పోయినట్టే. వారమంతా అన్నం సహించలేదు. ఎంఏ లేకుండా నేను బతకలేనా అంటే బతకగలను. కానీ ఒక వాదం సగంలో ఆపేసిన మనిషిగా బతకాలి. అది నాకు చేతకాదు.

మేడమ్ దగ్గర ఏకరువు పెట్టుకుంటే ఓదారుస్తారనుకున్నాను. అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "టైము ఎంతిచ్చారో తెలిసి కూడా అంతా పూర్వపక్షానికే ఖర్చు పెట్టావా? క్లాసులో అయితే సున్నా వేసేదాన్ని. సిద్ధాంతం చెప్పకుండా దిగిపోతే దాన్ని వాదం అనరు. పోయి మిగిలింది చెప్పు" అన్నారు. ఆవిడ దృష్టిలో చర్చికీ శుక్రవారం క్లాసుకూ తేడా లేదు. నాకు కోపం వచ్చింది. బస్సు ఎక్కాక మాత్రం నవ్వొచ్చింది. మిగిలింది చెప్పాలంటే మైకు కావాలి. మైకు ఇవ్వాలంటే సంఘపెద్దలు ఒప్పుకోవాలి. ఆ పెద్దల్లో ఒకాయన మా ఇంట్లోనే మాట్లాడకుండా తిరుగుతున్నాడు.

ఆదివారాలు మధ్యాహ్నం మా నాయన వీధిలోవాళ్ల మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసి ఇచ్చేవాడు. ఆ ఆదివారం భోజనాలయ్యాక ఎవరిదో మిక్సీ విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నేను పోయి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"నాయనా, నన్ను ఎందుకు ఆపాలో నీ తరఫున నేనే చెప్తా. తప్పుంటే చెప్పు."

ఆయన తలెత్తలేదు. వద్దని కూడా అనలేదు.

"నువ్వు సంఘంలో పెద్దవు. నీ కూతురే మైకు ముందర అట్లా మాట్లాడితే, రేపు వేరేవాళ్ల పిల్లలకు నువ్వు బుద్ధి చెప్పలేవు. నీకు తల కొట్టేసినట్టయింది. ఇదేనా?"

"ఉండాది. అది కాదు."

"ఈ చదువుకు ఉద్యోగం యాడ వస్తుందో ఎవరికీ తెలీదు. అమ్మ ఇంకా ఎన్నాళ్లు నైట్ డ్యూటీలు చేస్తాది?"

"అదీ ఉండాది. అదీ కాదు."

"నేను దేవుణ్ణి వదిలేస్తానేమోనని నీకు భయం."

"నిన్ను నేనే పెంచినా. ఆ భయం లే."

ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, బ్రదర్ మనసులో ఏముందో చెప్పగలిగినదాన్ని, మా నాయన మనసులో ఏముందో చెప్పలేక నీళ్లు నమిలాను. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"మీ అమ్మ వచ్చి వార్డు సంగతులు చెప్తాది, నాకు అర్థమైతాది. నేను ఫ్యాక్టరీ సంగతి చెప్తా, ఆమెకు అర్థమైతాది. నువ్వు చదివేది మాత్రం నాకు అర్థం కాదమ్మా. ఆ పొద్దు నువ్వు మాట్లాడతాంటే నాకు సగం తెలీలే. అందరూ ఏడుస్తాండారు, నేను ఏడవాల్నో వద్దో కూడా తెలీలే. ఇంకో రెండేండ్లు పోతే, ఒకే ఇంట్లో కూర్చుని మనం ఏం మాట్లాడుకుంటాం? నా బిడ్డ ఏమంటాందో నాకే తెలీకుండా పోతాది. అదీ నా బాధ."

ఆయన చెప్పిందంతా మళ్లీ నా నోటితో ఆయనకే చెప్పాను.

"ఇదేనా, నాయనా?"

"ఊఁ. ఇదే నా మాట. ఇప్పుడు జవాబు చెప్పు."

"ఇప్పుడు చెప్పలేను. ఈ జవాబు చెప్పాలంటే రెండేండ్లు పడతాది."

మా నాయన నా మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు. మొదట ముక్కులోంచి, ఆపైన పొట్ట కదిలేలాగా. వంటింట్లోంచి మా అమ్మ, "చూస్తివా, యాడికి తెచ్చి పెట్టిందో! దీన్ని నర్సు చేసుంటే పేషెంట్లే పారిపోయుండేవాళ్లు" అంది. ఆ సాయంత్రం నేను మేడ మీదికి పోయి ఒక్కదాన్నే గంతులు వేశాను. ఎవరైనా చూశారేమో తెలియదు, చూస్తే చూడనీ.

మైకు కూడా మా నాయనే ఇప్పించాడు. అయ్యగారు ఈసారి మైకు తీగకు దగ్గరగా, ఎందుకైనా మంచిదని కుర్చీ వేసుకున్నారు. నేను పూర్వపక్షాన్ని రెండు ముక్కల్లో ముగించి మిగిలింది చెప్పాను. ఇంగ్లీషు మాటలు వదిలేసి, మా అమ్మ వార్డులో చూసిన సంగతులతో చెప్పాను. నొప్పిలో ఉన్న మనిషి దేవుడు ఉన్నాడా అని అడగడు, ఎక్కడున్నాడని అడుగుతాడు. ఆ అడగడం తప్పు కాదు, అది కూడా ఒక ప్రార్థనే అన్నాను. కిందటిసారి నా తల మీద చేయి పెట్టిన పెద్దమ్మల్లో ఒకావిడ బయట పట్టుకుని, "చూడు, మా ప్రార్థన యట్ల పనిచేసిందో" అంది. కాదని వాదిద్దామనుకుని, నా జీవితంలో మొదటిసారి ఊరుకున్నాను.

ఇక ఆ రెండేళ్లూ నాకు పరీక్ష కాలేజీలో కాదు, ఇంట్లో. బాకీపడ్డ ఆ జవాబు కింద, ప్రతి ఆదివారం మిక్సీల ముందు కూర్చుని ఆ వారం చదివింది మా నాయనకు తెలుగులో చెప్పాలి. ఎంత కష్టమో చెప్పలేను. క్లాసులో గడగడా అప్పజెప్పిన మాటలు ఆయన ముందు పెడితే, "అంటే?" అనేవాడు. ఆ ఒక్క "అంటే?"తో నాకు చెమటలు పట్టేవి. మూడుసార్లు విడమరిచి చెప్పేసరికి, అసలు నాకే అర్థం కాలేదని తేలేది. సోమవారం పోయి మళ్లీ చదివేదాన్ని. కొన్ని ఆదివారాలు ఆయన గురకపెట్టాడు. కొన్నిసార్లు నేను అలిగి లేచిపోయాను. ఒకసారి మాత్రం మా అమ్మ పప్పు పొయ్యి మీద మరిచిపోయి వచ్చి కూర్చుంది, మాడిన వాసన వచ్చేదాకా ముగ్గురం వాదించుకుంటూనే ఉన్నాం. ఎంఏ కోసం రాయాల్సిన పెద్ద వ్యాసానికి నేను శబ్దప్రమాణం ఎంచుకున్నాను. అంటే, ఇంకొకరు చెప్పిన మాట విని నమ్మితే అది జ్ఞానం అవుతుందా కాదా అన్న ప్రశ్న. విశ్వాసం పోయిందని సంఘమంతా కలిసి ఏడ్చిన పిల్ల, మాటను నమ్మడం తప్పు కాదని నిరూపించడానికి కూర్చుంది.

ఆఖరి మౌఖిక పరీక్ష మా డిపార్ట్‌మెంట్ హాల్లో తలుపులు తెరిచి పెట్టి జరిగేది. ఎవరైనా వచ్చి వినొచ్చు, చివర్లో ఎవరైనా అడగొచ్చు. ఒక్కటే నియమం, మేడమ్ నియమం. అడిగేవాళ్లు ముందు విద్యార్థి వాదం చెప్పి, ఆ విద్యార్థితోనే అవుననిపించుకోవాలి. అందుకని వచ్చినవాళ్లు సాధారణంగా టీ తాగి వెళ్లిపోయేవారు.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మైసూరాయన. నన్ను నాలుగు వైపుల నుంచీ కుమ్మేశాడు. నేను ఎక్కడా తడబడలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, "అంటే?" అనే మనిషి ముందు రెండేళ్లు కూర్చున్నాక ఈయన ప్రశ్నలు తేలిగ్గా అనిపించాయి. ఆయన సరేనని తల ఊపాక మేడమ్ హాలు వైపు చూసి, "ఇంకెవరైనా?" అన్నారు.

వెనక వరసలో మా నాయన లేచాడు. మొదటి షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చినట్టున్నాడు, ఒంటిమీద ఫ్యాక్టరీ చొక్కా ఉంది. పక్కన మా అమ్మ ఆయన చేయి పట్టి కిందికి లాగుతోంది.

"మేడమ్, తెలుగులో అడగొచ్చునా?" అని కన్నడంలో అడిగాడు.

"అడగండి. కానీ ముందు ఆమె పక్షం చెప్పాలి."

"తెలుసు మేడమ్. మా ఇంట్లో రెండేండ్లుగా అదే పని" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన గొంతు సవరించుకుని నా వైపు తిరిగాడు.

"నా బిడ్డ చెప్పేది ఇది. కండ్లతో చూసి తెలుసుకుండేది ఎట్ల జ్ఞానమో, నమ్మదగినోళ్లు చెప్తే విని తెలుసుకుండేది కూడా అట్లనే జ్ఞానం. ఇది దానికంటే ఒక మెట్టు కింద కాదు. విన్న ప్రతి మాటనూ పరీక్ష పెట్టాలంటే మనిషి బతకలేడు. వాడు ఎవరికి పుట్టినాడో కూడా వాళ్లమ్మ చెప్తేనే వానికి తెలిసేది. అనుమానపడేదానికి కారణం ఉంటేనే అనుమానపడాల, ఊరికే పడకూడదు. ఏమ్మా, ఇదేనా నీ మాట?"

నేను రాసిన వ్యాసం చేతిలో ఉంది. అంతా కలిపి చూసినా అందులో ఇంతకంటే ఏమీ లేదు. కళ్లు మసకబారాయి.

"ఇదే నా మాట, నాయనా."

"అయితే విను. మెయిన్ ఆఫ్ చేసినామని మా సూపర్‌వైజర్ చెప్తాడు. మంచోడు, అబద్ధాలాడేటోడు కాదు. అయినా నేను టెస్టర్ పెట్టకుండా వైరు ముట్టుకోను. నీ లెక్క ప్రకారం నాకు ఆయన మాట మీద నమ్మకం ఉన్నట్టా, లేనట్టా?"

మైసూరాయన కుర్చీలో ముందుకు జరిగాడు. పక్కవాళ్లు ఆయనకు కన్నడంలో చెబుతున్నారు. నేను తెలుగులోనే జవాబు చెప్పాను. "నమ్మకం ఉన్నట్టే, నాయనా. నువ్వు టెస్టర్ పెట్టేది ఆయన మాట తప్పని కాదు, ఒకవేళ ఏదన్నా జరిగితే పోయేది ప్రాణం కాబట్టి. జాగ్రత్త వేరు, అనుమానం వేరు. అనుమానమే ఉంటే నువ్వు ఆ పనికే పోవు. ఆయన మాట నమ్మి వైరు దాకా పోయినావు కదా, ఆ పోవడమే నీ నమ్మకం" అన్నాను. ఇంకా చెప్పాను, చాలాసేపు చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని, తల ఒక పక్కకు వంచి, ఒక్క మాట కూడా వదలకుండా విన్నాడు. ఒక్కసారి కూడా "అంటే?" అనలేదు.

నేను ఆపాక కట్టుకున్న చేతులు విప్పాడు.

"నువ్వు చెప్పింది మొత్తం అర్థమైందమ్మా" అన్నాడు. "అయితే నేను ఒప్పుకోను."

హాలంతా గొల్లుమంది. మేడమ్ నవ్వడం ఐదేళ్లలో నేను చూసింది అప్పుడే. ఫస్ట్ క్లాసని సాయంత్రం చెప్పారు, చాలా సంతోషించాను, మా అమ్మ ఏడ్చింది. కానీ మా నాయన, అంతమంది ముందు నిలబడి, నా మాట పూర్తిగా తెలిసి, నాది తప్పని ధీమాగా అన్నాడు చూశారా, ఆ క్షణంలోనే నాకు పట్టా అందింది.